రోజూ పొద్దున్నే బాయిలర్‌కి నీళ్లు పడుతున్నాం, ఎవరి మాట వినాలి?

ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వేస్తే ఆ ఊళ్లో తెలుగువాళ్లందరికీ ఇది ఎవరింటి గొడవో తెలిసిపోతుందట. ఉత్తరంలోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఈ దంపతులు రెండేళ్ల కిందట అక్కడ పక్కింటితో ఒక గోడ కలిసిన ఓ పాత సెమీ డిటాచ్డ్ ఇల్లు కొనుక్కున్నారు. వంటింటి గోడకున్న కాంబీ బాయిలర్‌కి (రేడియేటర్లకూ కుళాయిలకూ ఒక్కటే నీళ్లు వేడిచేసే గ్యాస్ బాయిలర్) తొమ్మిదేళ్లు. నవంబర్ నుంచి దాంట్లో ప్రెషర్ నిలవడం లేదు. రాత్రి హీటింగ్ నడుస్తున్నప్పుడు గేజ్ ముల్లు 2.8 బార్ (ప్రెషర్ కొలత) దాకా వెళ్తుంది. పొద్దున లేచేసరికి 0.3కి పడిపోయి, స్క్రీన్ మీద ఎర్రర్ కోడ్ వెలుగుతూ ఉంటుంది. రేడియేటర్లు చల్లబడిపోతాయి, కుళాయిలో వేన్నీళ్లు రావు. భర్త వంగి, మెయిన్ గొట్టం నుంచి బాయిలర్‌లోకి నీళ్లు ఎక్కించే ఫిల్లింగ్ లూప్ తిప్పి నీళ్లు పడతారు, బాయిలర్ మళ్లీ అందుకుంటుంది. మర్నాడు మళ్లీ మామూలే. ఇంట్లో నాలుగేళ్ల బాబు, రాజమండ్రి నుంచి వచ్చిన అత్తమామలు ఉన్నారు.

భర్తకు అన్నలాంటి ఒకాయన ఉన్నారు. వీళ్లు ఆ దేశం వెళ్లిన కొత్తలో హీత్రోకి వచ్చి తీసుకెళ్లి, అద్దె ఇల్లు దొరికేదాకా తమ ఇంట్లోనే పెట్టుకున్న మనిషి. కుళాయి కారినా, ఫ్లోరింగ్ వేయాలన్నా అక్కడి తెలుగువాళ్లంతా ఆయన్నే పిలుస్తారు. ఆయన మొదటిసారి వచ్చి, "అందరిళ్లలోనూ ఇంతే, రోజూ కాస్త నీళ్లు పట్టుకోండి" అన్నారు. రెండోసారి బాయిలర్ ముందు మూత విప్పి లోపల చూశారు. తర్వాత లీకుల్ని లోపల్నుంచి పూడ్చే ద్రవం, లీక్ సీలర్, రెండు సీసాలు పోసి, సామాన్లకని 80 పౌండ్లు తీసుకున్నారు. తేడా ఏమీ రాలేదు. ఈలోగా అత్తగారు ఒక మాటన్నారు: పిచ్చుకలకు మెతుకులు వేయడానికి వెనక్కి వెళ్తే, గోడలోంచి బయటికొచ్చే రాగి గొట్టం కింద ఇటుకలు ఎప్పుడూ తడిగానే ఉంటున్నాయని. కొడుకు "వానమ్మా" అని తీసిపారేశారు. ఆ అన్నగారు మాత్రం విని, "అయితే ఆ గొట్టానికి ఓ క్యాప్ బిగించేద్దాం, ఆదివారం వస్తాను. అప్పటిదాకా ఫిల్లింగ్ లూప్ కొంచెం తెరిచి వదిలేయండి, పొద్దున్నే లేచే బాధ ఉండదు" అన్నారు.

విసిగిపోయిన ఈవిడ భర్తకు చెప్పకుండా ఒక కంపెనీకి ఫోన్ చేశారు. వచ్చిన ఇంజనీరు పది నిమిషాలు చూసి, ఈ బాయిలర్ పని అయిపోయిందన్నాడు. కొత్తది, పవర్ ఫ్లష్ (గొట్టాల లోపలి బురద కడగడం) కలిపి 3,400 పౌండ్లు. ఈ రోజే సంతకం పెడితే 400 తగ్గింపు. ఆవిడ ట్యాబ్ మీద సంతకం పెట్టి, క్రెడిట్ కార్డు మీద 300 పౌండ్లు అడ్వాన్సు కట్టారు. అది జరిగి అయిదు రోజులైంది. సంగతి తెలిసి భర్త మాట్లాడటం మానేశారు. "అన్నయ్యని కాదని ఎవడో సేల్స్‌వాడిని నమ్మావు" అన్నది ఆయన బాధ. "మీ అన్నయ్య ప్రయోగాలకి నా కొడుకు చలిలో వణకాలా" అన్నది ఈవిడ కోపం. బాయిలర్ నిజంగా పోయిందా, అడ్వాన్సు వెనక్కొస్తుందా, ఆ అన్నగారిని నొప్పించకుండా వద్దనడం ఎలా అని అడిగారు.

*

అమ్మా, ముందు ఆదివారం సంగతి. మిగతా వాటిల్లో మీకు దారులున్నాయి, వీలునుబట్టి ఎంచుకోవచ్చు. ఆ గొట్టానికి క్యాప్ పెట్టడం మాత్రం ఏ పరిస్థితిలోనూ జరగకూడదు. అది ప్రెషర్ రిలీఫ్ వాల్వు నుంచి బయటికి తీసిన గొట్టం. లోపల ప్రెషర్ 3 బార్ దాటితే వాల్వు తెరుచుకుని నీళ్లు బయటికి పంపేస్తుంది. దాన్ని మూయడమంటే కుక్కర్ సేఫ్టీ వాల్వు మీద ఎంసీల్ పూసి పొయ్యి మీద పెట్టడమే. అన్నగారు మంచి మనసుతోనే చెప్పి ఉండొచ్చు, కానీ గొట్టానికి ఆ తేడా తెలియదు. మీ ఆయనకు ఈ పేరా ఒక్కటీ చదివి వినిపించండి చాలు.

రెండోది, అన్నగారు మూత విప్పారని రాశారు. చాలా బాయిలర్లలో ఆ మూత దుమ్ము పడకుండా పెట్టింది కాదు. మంట మండే గది నుంచి గాలి ఇంట్లోకి రాకుండా అడ్డుకునే సీలు అందులో భాగం. మూత తిరిగి సరిగ్గా కూర్చోకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి రావచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు. మీ ఉత్తరంలో అలారం ప్రస్తావన ఎక్కడా లేదు కాబట్టి చెబుతున్నాను: ఇవాళే ఒకటి కొని, బాయిలర్ ఉన్న గదిలోనే పెట్టండి. పెద్ద ఖర్చు కాదు. గ్యాస్ సేఫ్ ఇంజనీరు (గ్యాస్ పనికి చట్టప్రకారం నమోదైన మనిషి) వచ్చి మూత సీలు పరీక్షించేదాకా బాయిలర్ ఆపేయగలిగితే ఇంకా మంచిది. ఇంట్లో ఎవరికైనా కారణం లేకుండా తలనొప్పి, వికారం, మగత వచ్చి, బయటికెళ్తే తగ్గుతుంటే వెంటనే బాయిలర్ ఆపేసి, అందరూ బయటికొచ్చి, గ్యాస్ ఎమర్జెన్సీ 0800 111 999కి ఫోన్ చేయండి. వైద్యసాయం కూడా తీసుకోండి.

ఇక బాయిలర్ దగ్గరికి వద్దాం. ఇంటి దగ్గర గీజర్ అలవాటైన మనకి ఇది మొదట్లో అర్థం కాదు. కాంబీలో రేడియేటర్లలో తిరిగే నీళ్లు వేరు, కుళాయిలోకి వచ్చే నీళ్లు వేరు. రేడియేటర్ నీళ్లు మూసిన వలయంలో అవే అవే తిరుగుతుంటాయి. ఎక్కడికీ పోకూడదు. అందుకే చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1 నుంచి 1.5 బార్ మధ్య నిలబడాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు కాస్త నీళ్లు పట్టడం మామూలే. రేడియేటర్ గాలి తీసిన తర్వాత పట్టడమూ మామూలే. రోజూ పట్టాల్సి వస్తోందంటే నీళ్లు ఎక్కడికో పోతున్నాయి. కాబట్టి మీ ఇంటికి ఎవరొచ్చినా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నీళ్లు ఎక్కడికి పోతున్నాయి, అది మీకెలా తెలిసింది? ఇప్పటిదాకా వచ్చిన ఇద్దరిలో ఎవరూ దీనికి జవాబు చెప్పలేదు. ఒకాయన సీసాలు పోశారు, ఇంకొకాయన బిల్లు రాశాడు. కాస్త దగ్గరగా వెళ్లింది మీ అత్తగారే.

మీరు రాసిన మూడు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి. వేడిగా ఉన్నప్పుడు 2.8. చల్లారాక 0.3. బయట గొట్టం కింద ఎప్పుడూ తడి. ఉత్తరం చూసి ఎవరూ ఖాయంగా తేల్చలేరు గానీ, ఈ మూడూ కలిసినప్పుడు అనుమానం ముందుగా వెళ్లేది ఎక్స్‌పాన్షన్ వెసెల్ మీదకి.

నీళ్లు వేడెక్కితే పెరుగుతాయి. మీ రేడియేటర్లూ గొట్టాలూ అన్నిట్లో కలిపి నూరు లీటర్లు ఉన్నాయనుకుందాం. అవి 10 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు మూడు లీటర్లు ఎక్కువవుతాయి. మూసిన వలయంలో ఈ మూడు లీటర్లు ఎక్కడికెళ్లాలి? అందుకే బాయిలర్‌లో ఒక ఇనప డబ్బా ఉంటుంది. దాని మధ్యలో రబ్బరు పొర, ఒకవైపు నీళ్లు, రెండోవైపు గాలి లేదా నైట్రోజన్. పెరిగిన నీళ్లు రబ్బరును నెట్టుకుని ఆ డబ్బాలోకి వస్తాయి, చల్లారాక వెనక్కెళ్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ అందులో గాలి కొద్దికొద్దిగా తగ్గిపోతుంది. కొన్నిసార్లు రబ్బరే చిరుగుతుంది. అప్పుడు పెరిగిన నీళ్లకు చోటుండదు, ముల్లు 3 వైపు పరుగెడుతుంది, రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది, వేన్నీళ్లు వెనక గోడ మీదకి పోతాయి. రాత్రి హీటింగ్ ఆగి చల్లారేసరికి, పోయిన నీళ్ల మేరకు ప్రెషర్ తక్కువ. పొద్దున్నే మీ ఆయన నీళ్లు పడతారు. రాత్రికి మళ్లీ అవే నీళ్లు బయటికి. "2.8 ఉంది కదా, బాగానే ఉంది" అనుకోవడం వల్ల అసలు సూచన కళ్లముందే తప్పిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న బాయిలర్‌లో వేడికి ముల్లు కాస్త పెరుగుతుంది. చల్లగా 1.2 ఉంటే, వేడిగా 1.7, 2 దగ్గర ఆగిపోతుంది.

దీన్ని రూఢి చేసుకోవడం మీ చేతుల్లో ఉంది, ఏ మూతా విప్పక్కర్లేదు. మూత సీలు పరీక్ష అయిపోయి బాయిలర్ మళ్లీ నడుస్తున్న రోజుల్లో ఈ పని చేయండి. ఓ మూడు రోజులు ఒక కాగితం బాయిలర్ పక్కన అంటించి, పొద్దున హీటింగ్ మొదలయ్యే ముందు ముల్లు ఎక్కడుందో, గంటసేపు నడిచాక ఎక్కడుందో రాయండి. ఫోన్‌తో ఫొటో తీసినా సరే, టైము దాంట్లోనే ఉంటుంది. బయట రాగి గొట్టం సాధారణంగా గోడవైపు వంగి ఉంటుంది. బాయిలర్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు దాని మూతికి ఒక ఫ్రీజర్ సంచి రబ్బరు బ్యాండుతో వదులుగా కట్టండి. హీటింగ్ నడుస్తుండగా దాని దగ్గర చెయ్యి పెట్టొద్దు, అక్కడ్నుంచి వచ్చేవి కాలిపోయే వేన్నీళ్లు. పిల్లవాణ్ని అటు పంపొద్దు. పొద్దున సంచిలో నీళ్లుంటే మీ ప్రశ్నకు సగం జవాబు వచ్చేసినట్టే. సంచి పని అయ్యాక తీసేయండి, అది పరీక్షకే. ఇటుకల మీద తెల్లటి చారలు కట్టి ఉంటే అది రోజుల తరబడి సాగుతున్న వ్యవహారం. మీ ప్రాంతంలో నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి ఆరిన చోట అలా తెల్లగా మిగులుతుంది.

సంచి పొడిగా ఉందనుకోండి. అప్పుడు కథ వేరు. వేడికి ముల్లు పెద్దగా పెరగకుండా, చల్లగా ఉన్నా పడిపోతూనే ఉంటే ఇంట్లో ఎక్కడో కారుతోంది. ప్రతి రేడియేటర్ రెండు చివర్లా ఉన్న వాల్వుల కింద టిష్యూ పేపర్ చుట్టి చూడండి. బాత్రూంలో టవల్ రెయిల్‌ని (తువ్వాళ్లు ఆరేసే రేడియేటర్) మరిచిపోవద్దు. రాగి జాయింట్ల దగ్గర పచ్చటి పెచ్చు, ఇనుము దగ్గర తుప్పు చార, వంటింటి సీలింగ్ మీద పసుపు మరక, ఇవన్నీ జాడలే. ఏదీ దొరక్కపోతే ఇంజనీరు బాయిలర్ కింది వాల్వులు మూసి రాత్రంతా ఉంచి చూస్తాడు. బాయిలర్ గేజ్ నిలబడితే లీకు గొట్టాల్లో, పడిపోతే బాయిలర్‌లోనే. గొట్టం కాంక్రీటు నేల కింద ఉంటే మీ హోమ్ ఇన్సూరెన్స్ పాలసీలో "ట్రేస్ అండ్ యాక్సెస్" అనే అంశం ఉందేమో వెతకండి. నేల తవ్వి లీకు వెతికే ఖర్చు దానికింద రావచ్చు. ఇంకో అవకాశం, బాయిలర్ ఆపి గంటలు గడిచినా తెల్లటి ప్లాస్టిక్ కండెన్సేట్ గొట్టంలోంచి (పొగలోని ఆవిరి నీరై బయటికి పోయే గొట్టం) చుక్కలు పడుతూనే ఉండటం. అప్పుడు అనుమానం లోపలి హీట్ ఎక్స్‌ఛేంజర్ (మంట వేడిని నీళ్లకు అందించే భాగం) మీదకి పోతుంది. కంపెనీ ఇంజనీరు చెప్పినట్టు కొత్త బాయిలర్ మాట ఎత్తడానికి కారణం దొరికేది అప్పుడే. ఆయన ఆ గొట్టం చూశాడా? మీరు రాసిన పది నిమిషాల్లో చూసినట్టు లేదు.

అన్నగారి మిగతా సలహాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇవి ఆయన సొంతం కావు, చాలా ఇళ్లలో వినపడేవే. రోజూ నీళ్లు పట్టడం వల్ల ఒక్కరోజులో ఏమీ కాదు. నెలల తరబడి సాగితే మాత్రం ప్రతిసారీ కొత్త నీళ్లతో కొత్త ఆక్సిజన్ లోపలికి వెళ్లి రేడియేటర్ల లోపలి ఇనుమును తింటుంది. ఆ తుప్పే నల్లటి బురదగా మారి పంపును, హీట్ ఎక్స్‌ఛేంజర్‌ను పూడుస్తుంది. తుప్పు పట్టకుండా పోసే ఇన్‌హిబిటర్ పలచబడిపోతుంది. దానికి తోడు రెడింగ్ నీళ్లలో సున్నం ఎక్కువ. ఇప్పుడు వందల్లో తేలే మరమ్మతు, రెండు శీతాకాలాలు గడిస్తే వేలల్లోకి పోతుంది. ఫిల్లింగ్ లూప్ తెరిచి వదిలేయడం దీనికన్నా ఘోరం. మెయిన్ నుంచి నీళ్లు నిరంతరం ఎక్కుతాయి, ప్రెషర్ 3 దాకా పోతుంది, వాల్వు నిరంతరం కారుతుంది, మీటరు తిరుగుతుంది. లీకు ఉందన్న సంగతి కూడా మరుగున పడిపోతుంది. అసలు అక్కడి వాటర్ ఫిట్టింగ్స్ నిబంధనల ప్రకారం ఫిల్లింగ్ లూప్‌లోని ఆ అల్లిక గొట్టం నీళ్లు పట్టాక ఊడదీసి పెట్టాలి. రేడియేటర్ నీళ్లు తాగునీటి గొట్టంలోకి ఎన్నడూ రాకూడదన్నది దాని ఉద్దేశం. ఇప్పటికే తెరిచి ఉంచితే ఇది చదవడం ఆపి వెళ్లి కట్టేయండి.

లీక్ సీలర్ సంగతి కాస్త వేరు. కంటికి కనపడని సన్నటి చెమ్మకి అది కొన్నిసార్లు పనిచేస్తుంది. కానీ మీ నీళ్లు వాల్వులోంచి పోతున్నప్పుడు సీలర్ చేయగలిగిందేమీ లేదు. వాల్వు తన పని తాను చేస్తోంది, చిల్లు లేదు. పైగా అది లోపల చిన్న దారుల్లో, గాలిని దానంతటదే బయటికి వదిలే ఆటోమేటిక్ ఎయిర్ వెంట్‌లో పేరుకుపోవచ్చు. అందుకే తర్వాత వచ్చే ఇంజనీరుకు అది పోసిన సంగతి తెలియాలి.

కంపెనీవాళ్ల మాటకొస్తే, పవర్ ఫ్లష్ బురదను కడుగుతుంది, లీకును ఆపదు. బురద ఉందో లేదో తేలాలంటే నీళ్లు ఒక సీసాలో పట్టి చూపించాలి. మీకు చూపించలేదు. లోపం గొట్టాల్లో ఉంటే కొత్త బాయిలర్ పెట్టినా దాని ముల్లు కూడా ఇలాగే పడుతుంది. ఇక "ఈ రోజే సంతకం" అన్న తగ్గింపు గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. మూడు వేల పౌండ్ల వస్తువును రాత్రికి రాత్రి నిర్ణయించమనేవాళ్లు మీరు రెండో అభిప్రాయం తీసుకుంటారనే భయపడుతున్నారు.

మీ ముందున్న దారులు చూద్దాం. మొదటిది, విడిగా పనిచేసే గ్యాస్ సేఫ్ ఇంజనీరును పిలిచి, ఎక్స్‌పాన్షన్ వెసెల్, రిలీఫ్ వాల్వు చూడమనడం. వెసెల్ మీద కారు టైరుకు ఉండే వాల్వే ఉంటుంది. నొక్కితే గాలి వస్తే, సిస్టమ్‌లో నీటి ప్రెషర్ తీసేసి మళ్లీ గాలి నింపుతాడు, చాలా బాయిలర్లకు 0.75 నుంచి 1 బార్ దాకా. నీళ్లు వస్తే రబ్బరు చిరిగినట్టు, వెసెల్ మార్చాలి. కొన్ని బాయిలర్లలో అది వెనక ఇరుక్కుని ఉంటుంది, తీయాలంటే బాయిలర్ మొత్తం గోడ మీంచి దించాలి. అలాంటప్పుడు రేడియేటర్ల నుంచి నీళ్లు తిరిగొచ్చే రిటర్న్ పైపు మీద బయట వేరే వెసెల్ పెట్టడం మంచి మార్గం, ఖర్చు తగ్గుతుంది. రిలీఫ్ వాల్వు ఒకసారి ఇన్ని రోజులు కారాక అందులో చెత్త ఇరుక్కుని గట్టిగా మూసుకోదు. కాబట్టి దాన్ని కూడా అదే రోజు మార్పించుకోవడం నయం. గాలి ఒక్కటే నింపించి వాల్వు వదిలేస్తే, వారం తర్వాత మళ్లీ తడి కనపడి, "ఈయన కూడా మోసమే" అనుకుంటారు.

రెండోది, బాయిలర్ తయారు చేసిన కంపెనీవాళ్ల సర్వీసు. చాలా కంపెనీలకు ఫిక్స్‌డ్ ప్రైస్ రిపేర్ ఉంటుంది. విడి ఇంజనీరు కన్నా కాస్త ఎక్కువ కావచ్చు, కానీ ఆ మోడల్ తెలిసిన మనిషి వస్తాడు, విడిభాగాలు వ్యానులోనే ఉండే అవకాశం ఎక్కువ. సిస్టమ్‌లో బురద ఉందంటే వాళ్లు కొన్ని పనులకు ఒప్పుకోకపోవచ్చు. నెలవారీ కవర్ ప్లాన్ తీసుకుందామని మీ ఆయన అన్నారని రాశారు. అవి సాధారణంగా ముందే ఉన్న లోపాన్ని కవర్ చేయవు, ఇప్పుడు తీసుకుని వెంటనే వాడుకుందామంటే కుదరదు.

మూడోది కొత్త బాయిలర్. తొమ్మిదేళ్లంటే ముసలిది కాదు, కుర్రది కూడా కాదు. హీట్ ఎక్స్‌ఛేంజర్ పోయిందని కళ్లకు చూపిస్తే, లేదా విడిభాగాలు దొరకవంటే, కొత్తది కొనడం తప్పు నిర్ణయం కాదు. అప్పుడు కూడా రాతపూర్వకంగా రెండు మూడు కొటేషన్లు తీసుకోండి, సిస్టమ్ శుభ్రం చేయడం, తుప్పు బురదను పట్టే మాగ్నెటిక్ ఫిల్టర్, ఇన్‌హిబిటర్ అందులో కలిశాయో లేదో చూడండి. వారంటీ ఎంత పెద్దదైనా ఏటేటా సర్వీస్ చేయిస్తేనే చెల్లుతుంది.

నాలుగో దారి, వసంతం దాకా ఇలాగే నెట్టుకురావడం. పిల్లవాడూ పెద్దవాళ్లూ ఉన్న ఇంట్లో నేను దీన్ని ఎంచుకోను. ఇంజనీరు దొరకడానికి నాలుగు రోజులు పడితే, మూత సీలు మీద అనుమానం తీరేదాకా ఒక ఆయిల్ రేడియేటర్‌తో గడపండి. దాని ప్లగ్ నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. సీలు బాగుందని తేలి, విడిభాగం కోసమే ఆగాల్సి వస్తే, చల్లగా ఉన్నప్పుడు మాత్రమే 1 బార్ దాకా నీళ్లు పట్టండి, 1.5 వద్దు. హీటింగ్ ఫ్లో టెంపరేచర్ (రేడియేటర్లకు వెళ్లే నీళ్ల వేడి) 60 డిగ్రీల దగ్గరికి తగ్గించండి. నీళ్లు తక్కువ వేడెక్కితే తక్కువ పెరుగుతాయి, వాల్వు తెరుచుకోవడం తగ్గుతుంది.

ఎవరొచ్చినా గ్యాస్ సేఫ్ కార్డు అడగండి, సిగ్గుపడక్కర్లేదు, రోజూ చూపించడం వాళ్లకు అలవాటే. ముందువైపు ఫొటో, నంబరు, గడువు తేదీ ఉంటాయి. వెనకవైపు ఏయే పనులకు అర్హత ఉందో ఉంటుంది. చాలామంది తిప్పి చూడరు. 2009 నుంచి కోర్గీ అనే పాత రిజిస్టర్ స్థానంలో చట్టపరంగా ఈ రిజిస్టరే అమల్లో ఉంది, ఎవరైనా ఇంకా కోర్గీ కార్డు చూపిస్తే మర్యాదగా పంపించేయండి.

అడ్వాన్సు గురించి. ఇంట్లో కూర్చుని చేసుకున్న ఒప్పందాన్ని కారణం చెప్పకుండా 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు 2013 నాటి కన్స్యూమర్ కాంట్రాక్ట్స్ నిబంధనలు ఇస్తున్నాయి. మీకు అయిదు రోజులే అయింది. అత్యవసర మరమ్మతు కోసం మీరే పిలిచారని వాళ్లు అడ్డం తిరగొచ్చు. ఆ మినహాయింపు పిలిచిన మరమ్మతుకే వర్తిస్తుంది, దాంతోపాటు అమ్మిన కొత్త బాయిలర్‌కు కాదు. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు, ఒక చిన్న మెయిల్ పంపి, తేదీతో స్క్రీన్‌షాట్ దాచండి. మీరింకా పని మొదలుపెట్టమని చెప్పలేదు కాబట్టి, ఇంజనీరు వచ్చి చూసినందుకు ముందే ఒప్పుకున్న ఫీజు ఏదైనా ఉంటే తప్ప కోత ఉండకూడదు. మొండికేస్తే ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ సిటిజన్స్ అడ్వైస్‌కి ఫోన్ చేయండి, క్రెడిట్ కార్డు కంపెనీకి సెక్షన్ 75 (అమ్మినవాళ్లతో పాటు కార్డు కంపెనీకీ బాధ్యత ఉంటుందనే నిబంధన) కింద రాయండి. బాయిలర్ ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంది కాబట్టి, మీరు కట్టింది అడ్వాన్సే అయినా అది వర్తిస్తుంది. రద్దు చేయాలని ఖాయంగా అనుకోకపోయినా, గడువు ముగిసే లోపు ముల్లు లెక్క, సంచి పరీక్ష అయిపోయేలా చూసుకోండి.

ఇప్పుడు మీ ఆయన, ఆ అన్నగారు. మీ ఆయన కోపం బాయిలర్ గురించి కాదని మీకూ తెలుసు. పరాయి దేశంలో తలుపు తీసిన మనిషికి ఎదురు చెప్పాల్సి వస్తుందని ఆయన టెన్షన్. మీరు చెప్పకుండా సంతకం పెట్టడం ఆ టెన్షన్‌ని అవమానంగా మార్చింది. ఎవరు రైటో తేల్చుకోవడానికి కూర్చుంటే ఈ చలికాలం అయిపోతుంది. "నేను చెప్పకుండా చేశాను, అది బాగాలేదు. బాయిలర్ విషయంలో మాత్రం మనిద్దరం కలిసి ఈ కాగితం నింపుదాం, అది చెప్పినట్టు చేద్దాం" అని చూడండి. ముల్లు లెక్క ఎవరి పక్షమూ కాదు కాబట్టి ఆయనకూ ఒప్పుకోవడం తేలిక.

అన్నగారితో మాట్లాడటం మీ ఆయన పని, మీది కాదు. మీరు మాట్లాడితే అది కోడలి ఫిర్యాదు అవుతుంది. ఆయన రెండు రకాలుగా చెప్పొచ్చు. మొదటిది సూటిగా: "అన్నయ్యా, ఆ గొట్టం సేఫ్టీది, మూయకూడదట. గ్యాస్ సేఫ్ మనిషిని పిలుస్తున్నాం." దీనివల్ల ఒకరోజు ముఖం మాడ్చుకుంటారేమో, కానీ ఇంకో ఇంట్లో అదే క్యాప్ పెట్టకుండా ఆగుతారు. ఊళ్లో అందరూ ఆయన్నే పిలుస్తారని మీరే రాశారు కదా, నా ఓటు దీనికే. రెండోది మెత్తగా: "ఇల్లు మా పేరు మీదుంది, రేపు ఇన్సూరెన్స్‌వాళ్లు అడిగితే రిజిస్టర్డ్ మనిషి కాగితం కావాలి." ఇది కూడా నిజమే, నొప్పి తక్కువ. అయితే ఆయన పద్ధతి మారదు, మరోచోట మూత విప్పుతారు. డబ్బు తీసుకుని గ్యాస్ పని చేసేవాళ్లు రిజిస్టర్‌లో ఉండి తీరాలి, ఆ 80 పౌండ్లు రేపు ఆయన మెడకే చుట్టుకోవచ్చు. ఆయన మేలు కోరే మనిషి ఎవరైనా ఈ మాట ఆయన చెవిన వేయాలి.

ఆయన్ని పూర్తిగా పక్కన పెట్టక్కర్లేదు. కారే రేడియేటర్ వాల్వు మార్చడం, టవల్ రెయిల్ జాయింటు బిగించడం లాంటివి గ్యాస్ పని కాదు, చెయ్యి తిరిగినవాళ్లు చేసుకోవచ్చు. ఇంజనీరు వచ్చే రోజు ఆయన్ని కూడా రమ్మనండి, కావాలంటే. ఒక్క సంగతి మాత్రం ముందే మాట్లాడుకోండి: లీక్ సీలర్ పోశామని, అది రెండు సీసాలని, మూత విప్పామని ఇంజనీరుకు ఎవరు చెబుతారో. మొహమాటపడి ఎవరూ చెప్పకపోతే, ఇంజనీరు లేని జబ్బు కోసం వెతుకుతాడు, బిల్లు మీకు వస్తుంది.